పెద్ద తాళం ఊడటానికి పదిహేనేళ్లు

1999 ఏప్రిల్‌లో అమెరికాలోని మైండ్‌క్రాఫ్ట్ అనే పరీక్షల సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. ఖర్చు మైక్రోసాఫ్ట్‌ది. ఒకే డెల్ సర్వర్ మీద ఒకసారి విండోస్ ఎన్‌టీని, ఇంకోసారి లైనక్స్‌ను నడిపి ఏది ఎంత పని చేస్తుందో కొలిచారు. ఆ సర్వర్‌లో 400 మెగాహెర్ట్జ్ జియాన్ ప్రాసెసర్లు నాలుగు, నెట్‌వర్క్ కార్డులు నాలుగు ఉన్నాయి. ఫైళ్లు అందించడంలో ఎన్‌టీ రెండున్నర రెట్లు, వెబ్ పేజీలు అందించడంలో 3.7 రెట్లు ముందుందని నివేదిక తేల్చింది.

లైనక్స్ అభిమానులు భగ్గుమన్నారు. సెట్టింగులు సరిగా పెట్టలేదని, పరీక్ష కావాలనే ఎన్‌టీకి అనుకూలంగా జరిపారని వాదించారు. జూన్‌లో మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి లైనక్స్ క్షుణ్ణంగా తెలిసినవాళ్లు దగ్గరుండి అన్నీ సరిచూసుకున్నారు. అంకెలు మెరుగుపడ్డాయి గానీ ఫలితం తారుమారు కాలేదు. మళ్లీ ఎన్‌టీయే గెలిచింది.

డబ్బు ఎవరిదైనా, ఆ పరీక్ష బయటపెట్టిన లోపం మాత్రం నిజమైనది. అప్పటి లైనక్స్ 2.2లో నెట్‌వర్క్ వ్యవహారం చూసే భాగం ఆచరణలో ఒకసారికి ఒక్క ప్రాసెసర్ మీదే నడిచేది. నాలుగు కార్డుల నుంచి ప్యాకెట్లు వరదలా వచ్చిపడుతున్నా, వాటిని అందుకునే పనిలో ఒక ప్రాసెసర్ ఉంటే మిగతా మూడూ దాని వంతు ఎప్పుడవుతుందా అని చూస్తూ ఉండేవి. యంత్రంలో నాలుగు ప్రాసెసర్లున్నా, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ దృష్టిలో ఉన్నది ఒకటే.

మెమరీ పంచడం, ఫైళ్లు తెరవడం, ప్యాకెట్లను సరైన ప్రోగ్రామ్‌కు చేర్చడం, ఏ ప్రోగ్రామ్ ఏ ప్రాసెసర్ మీద ఎంతసేపు నడవాలో తేల్చడం, ఇవన్నీ కెర్నెల్ పనులే. ఈ పనుల కోసం అది బోలెడన్ని పట్టికలు, జాబితాలు పెట్టుకుంటుంది. ఖాళీగా ఉన్న మెమరీ పేజీల జాబితా అందులో ఒకటి. రెండు ప్రాసెసర్లు ఒకే క్షణంలో ఆ జాబితా తెరిచి, మొదట కనిపించిన పేజీని చెరొకటీ తీసుకున్నాయనుకుందాం. రెండూ తీసుకున్నది ఒకే పేజీ. ఇక ఆ రెండు ప్రోగ్రాములు ఒకదాని సమాచారం మీద ఇంకొకటి రాసుకుంటూ పోతాయి. తప్పు ఎప్పుడు, ఎక్కడ బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటివి జరగకుండా జాబితాకు ఒక లాక్ పెడతారు. లాక్ చేజిక్కించుకున్న ప్రాసెసర్ పని ముగించి వదిలేదాకా రెండోది ఆగాలి.

అయితే ఎన్ని లాకులు పెట్టాలి, ఏది దేనికి కాపలా కాయాలి అన్నదే అసలు చిక్కు.

మొదట్లో వచ్చిన సమాధానాలు సులువైనవి. 1981 ప్రాంతంలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జార్జ్ గోబుల్ బృందం రెండు వ్యాక్స్ 11/780 ప్రాసెసర్లను కలిపి ఒకే యూనిక్స్ యంత్రంగా మార్చింది. కెర్నెల్ ఒక ప్రాసెసర్ మీదే నడుస్తుంది, రెండోది మామూలు ప్రోగ్రాములను మాత్రమే నడుపుతుంది. రెండోదానికి కెర్నెల్‌తో పని పడితే ఆ ప్రోగ్రామ్‌ను మొదటిదానికి అప్పగిస్తుంది. లెక్కలు ఎక్కువగా, కెర్నెల్ పిలుపులు తక్కువగా ఉండే చోట ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. కానీ ప్రాసెసర్లు ఎన్ని పెంచినా కెర్నెల్ నడిచేది ఒక్కదాని మీదే కాబట్టి దీనికి పరిమితి మొదటి రోజునుంచే రాసిపెట్టి ఉంది.

రెండో సమాధానం ఒకే ఒక పెద్ద తాళం. కెర్నెల్ ఏ ప్రాసెసర్ మీదైనా నడవొచ్చు, కానీ ఏ క్షణంలోనైనా ఒక్కదాని మీదే. 1996 జూన్‌లో వచ్చిన లైనక్స్ 2.0 ఈ పద్ధతితోనే బహుళ ప్రాసెసర్ల లోకంలో అడుగుపెట్టింది. ఆ పనిలో ముఖ్యుడు బ్రిటన్‌కు చెందిన అలన్ కాక్స్. ఆ తాళానికి బిగ్ కెర్నెల్ లాక్ అని పేరు, పొట్టిగా బీకేఎల్. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇలాంటిదాన్నే జెయింట్ అన్నారు. పెద్ద తాళాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. ఒకే ప్రాసెసర్ కోసం రాసిన లక్షల పంక్తుల కోడ్‌ను దాదాపు ముట్టుకోకుండా, రెండు ప్రాసెసర్ల మీద తప్పుల్లేకుండా నడిపించింది అదే. రెండింటికి అది చాలు. నాలుగింటికి చాలదని మైండ్‌క్రాఫ్ట్ చూపించింది.

ఎందుకు చాలదో లెక్క 1967లోనే ఉంది. ఐబీఎం ఇంజినీరు జీన్ ఆమ్‌డాల్ ఆ ఏడాది ఒక సదస్సులో చేసిన వాదన ఇది: పనిలో ఒకరి తర్వాత ఒకరుగా మాత్రమే చేయగలిగిన భాగం కొంచెమైనా ఉంటే, మొత్తం వేగానికి అదే హద్దు గీస్తుంది. పనిలో 5 శాతం అలాంటిదైతే, 48 ప్రాసెసర్లు పెట్టినా వేగం 14 రెట్లకు కాస్త మించుతుందంతే. లక్ష పెట్టినా 20 రెట్లు దాటదు. వెబ్ సర్వర్ లాంటి ప్రోగ్రామ్ తన సమయంలో పెద్ద భాగం కెర్నెల్‌లోనే గడుపుతుంది. ఆ కెర్నెల్ మొత్తానికి ఒకే తాళమంటే, వరుసగా చేయాల్సిన భాగం 5 శాతం దగ్గర ఎక్కడ ఆగుతుంది?

చాలాకాలం ఈ బాధ పెద్ద సర్వర్లవాళ్లదే. ప్రతి రెండు మూడేళ్లకూ ప్రాసెసర్ వేగం దానంతట అదే పెరుగుతుంటే, నాలుగు ప్రాసెసర్ల కోసం తల బద్దలుకొట్టుకునేవాళ్లెవరు? 2000 దశకం మధ్యలో ఆ సుఖం ముగిసింది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతూనే ఉన్నా, వేగం పెంచితే పుట్టే వేడిని తట్టుకునే దారి లేకపోయింది. 2004 మేలో ఇంటెల్ తన తర్వాతి అతివేగ చిప్ టెజాస్‌ను మధ్యలోనే వదిలేసింది. 2005కల్లా ఇంటెల్, ఏఎమ్‌డీ రెండూ మామూలు మనిషి కొనే కంప్యూటర్లలోకే రెండు కోర్ల చిప్‌లను, అంటే ఒకే చిప్‌లో రెండు ప్రాసెసర్లున్నవాటిని, తెచ్చాయి. ఇవాళ జేబులోని ఫోన్‌లో ఎనిమిది కోర్లుండటం వింతేమీ కాదు. ఏఎమ్‌డీ 2024లో తెచ్చిన సర్వర్ చిప్‌లలో పెద్దది 192 కోర్లది. ఒకప్పుడు పరిశోధనశాలలకు పరిమితమైన సమస్య ప్రతి కెర్నెల్‌కూ రోజువారీ సమస్య అయింది.

పెద్ద తాళాన్ని ముక్కలు చేయడం తొలి మెట్టు. 2001 జనవరిలో వచ్చిన లైనక్స్ 2.4లో నెట్‌వర్క్ భాగం పెద్ద తాళం నుంచి బయటపడి అన్ని ప్రాసెసర్ల మీదా ఒకేసారి నడవసాగింది. కొత్త కనెక్షన్ కోసం నిద్రలో ఉన్న పదుల ప్రాసెస్‌లన్నింటినీ ఒక్కసారే లేపే అలవాటు పోయి, ఒక్కదాన్నే లేపడం మొదలైంది. అంతకుముందు లేచినవాటిలో ఒకదానికే పని దొరికి, మిగతావన్నీ అనవసరంగా తోసుకుని మళ్లీ పడుకునేవి. మైండ్‌క్రాఫ్ట్ దెబ్బ ఈ మార్పులను తొందరపెట్టిందనడంలో సందేహం లేదు.

ఏ ప్రోగ్రామ్ ముందు నడవాలో తేల్చే షెడ్యూలర్‌దీ ఇదే కథ. 2.4లో యంత్రం మొత్తానికి ఒకే వరుస, దానికి ఒకే లాక్. ఖాళీ అయిన ప్రతి ప్రాసెసరూ ఆ లాక్ పట్టుకుని వరుస అంతా వెతికి తనకు తగిన ప్రోగ్రామ్‌ను ఎంచుకునేది. 2002లో హంగరీకి చెందిన ఇంగో మోల్నార్ కొత్త షెడ్యూలర్ రాశాడు. అందులో ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో సొంత వరుస. పక్క ప్రాసెసర్ వరుసతో పని పడేది ఎప్పుడో ఒకసారి, బరువు సర్దుకోవాల్సినప్పుడు మాత్రమే.

ఇక్కడ ఒక నష్టం కూడా ఉంది. వరుసలు విడిపోతే, ఒక ప్రాసెసర్ ముందు పది ప్రోగ్రాములు కాచుకుని ఉండగా పక్కది ఖాళీగా ఉండొచ్చు. ఒకే వరుస ఉన్నప్పుడు ఇది జరిగే వీలే లేదు. 2016లో ఝాఁ-పియెర్ లోజీ తదితర పరిశోధకులు లైనక్స్‌లో ఈ సర్దుబాటు చేసే కోడ్‌ను తవ్వి, కోర్లు ఖాళీగా ఉంటుండగానే థ్రెడ్‌లు (ప్రోగ్రాములో విడివిడిగా నడిచే పాయలు) మరోచోట నిలిచిపోయేలా చేసే లోపాలు నాలుగు పట్టుకున్నారు. ఒక వాణిజ్య డేటాబేస్ పరీక్షలో వాటివల్ల 14 నుంచి 23 శాతం పని తగ్గిందని తేలింది. యంత్రం ఆగిపోదు, ఎర్రర్ సందేశం రాదు. నెమ్మదిస్తుందంతే. ఈ రంగంలో లోపాలను పట్టుకోవడం అంత కష్టం కావడానికి కారణం అదే.

లాకులను ముక్కలు చేస్తూ పోతే సమస్య తీరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. తీరలేదు. ఎందుకో తెలియాలంటే సాఫ్ట్‌వేర్ వదిలి కాసేపు చిప్‌లోకి దిగాలి.

ప్రతి కోర్‌కూ దగ్గరలో క్యాష్ అనే చిన్న, అతివేగ మెమరీ ఉంటుంది. మెమరీ నుంచి సమాచారం అందులోకి సాధారణంగా 64 బైట్ల ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కను క్యాష్ లైన్ అంటారు. ఒకే లైన్‌ను ఎన్ని కోర్లైనా చదువుకోవచ్చు, ఎవరి దగ్గర వారి ప్రతి ఉంటుంది. ఒక కోర్ దాని మీద రాయాలంటే మాత్రం ముందు మిగతా అందరి ప్రతులూ చెల్లకుండా చేయాలి. తర్వాత ఇంకొకరికి ఆ లైన్ కావలసి వస్తే, రాసిన కోర్ దగ్గరినుంచి దాన్ని తెప్పించుకోవాలి. ఈ పని అంతా హార్డ్‌వేరే చేసుకుంటుంది, ప్రోగ్రామర్ కంటికి కనబడదు. కానీ సమయం పడుతుంది. ఎంఐటీ పరిశోధకులు 2010లో వాడిన 48 కోర్ల ఏఎమ్‌డీ యంత్రంలో సొంత మొదటి స్థాయి క్యాష్ నుంచి చదవడానికి 3 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పట్టేది. అదే యంత్రంలో అన్నిటికంటే దూరపు చిప్‌కు చెందిన మెమరీ చదవాలంటే 503 సైకిళ్లు. చదివే ఆదేశం ఒకటే, ఖరీదులో తేడా నూటయాభై రెట్లకు పైమాటే.

ఇప్పుడు ఒక ఫైలు తెరవడాన్ని దగ్గరగా చూద్దాం. ఫైలు చిరునామా రూట్ డైరెక్టరీ దగ్గర మొదలై, ఒక్కో డైరెక్టరీ దాటుకుంటూ ఫైలు దాకా పోతుంది. దారిలో ఉన్న డైరెక్టరీని ఎవరైనా మధ్యలో తీసేయకుండా, దాని పక్కన ఒక కౌంటర్ ఉండేది. నడిచేటప్పుడు ఒకటి కలపాలి, దాటిపోయాక ఒకటి తీసేయాలి. ఒకటి కలపడమంటే కంప్యూటర్‌కు లెక్కలోకి రాని పని. కానీ యంత్రంలోని ఏ ప్రోగ్రామ్ అయినా పూర్తి చిరునామాతో తెరిచే ప్రతి ఫైలూ రూట్ నుంచే మొదలవుతుంది. అంటే 48 కోర్లూ ఒకే కౌంటర్ మీద రాయాలి. ఆ కౌంటర్ ఉన్న 64 బైట్ల లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు, ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు పరుగెడుతూనే ఉంటుంది. ఒకరి ఫైలుతో ఇంకొకరికి ఏ సంబంధమూ లేదు. అయినా అందరూ ఒకరి కోసం ఒకరు ఆగుతున్నారు. పైగా ఇక్కడ అడ్డం పడుతున్నది లాక్ కూడా కాదు, వట్టి కూడిక.

ఇంకా దారుణం ఏమిటంటే, అసలు సంబంధమే లేని రెండు కౌంటర్లు యాదృచ్ఛికంగా ఒకే 64 బైట్లలో పక్కపక్కన పడ్డా ఇదే గతి. కోడ్ ఎంత చదివినా ఆ లోపం కనిపించదు. పట్టుకోవాలంటే క్యాష్ ఎన్నిసార్లు తప్పిందో లెక్కించే సాధనాలు కావాలి.

లాకుల లోపలి కథా ఇంతే. లైనక్స్ వాడిన పాత స్పిన్‌లాక్‌లో, అంటే దొరికేదాకా కోర్ మళ్లీ మళ్లీ చూస్తూ కాచుకునే లాక్‌లో, వరుస అనేది లేదు. లాక్ వదలగానే ఆ క్యాష్ లైన్‌కు దగ్గరగా ఉన్న కోర్‌కే అది మళ్లీ దొరికేది. ఎనిమిది కోర్ల ఆప్టెరాన్ యంత్రం మీద కెర్నెల్ ప్రోగ్రామర్ నిక్ పిగిన్ చేసిన పరీక్షలో కొన్ని థ్రెడ్‌లకు వరుసగా పది లక్షలసార్ల దాకా లాక్ అందకుండా పోయింది. 2008 ఏప్రిల్‌లో వచ్చిన లైనక్స్ 2.6.25లో ఆయన టికెట్ లాక్ తెచ్చాడు. బ్యాంకులో టోకెన్ తీసుకున్నట్టే ప్రతి కోర్ ఒక అంకె తీసుకుని, బోర్డు మీద తన అంకె కనబడేదాకా ఆగుతుంది. అన్యాయం పోయింది.

కానీ కాచుకున్న కోర్లన్నీ ఆ బోర్డువైపే చూస్తుంటాయి. అంకె మారిన ప్రతిసారీ అందరి ప్రతులూ చెల్లకుండా పోయి, అందరూ ఒక్కసారే కొత్త ప్రతి కోసం ఎగబడతారు. హార్డ్‌వేర్ ఆ అభ్యర్థనలను ఒకటొకటిగా తీరుస్తుంది. లాక్ అందాల్సిన కోర్‌కు ఆ వరుసలో ఎక్కడో చోటు. కాబట్టి లాక్ చేతులు మారే సమయం కాచుకున్నవారి సంఖ్యతోపాటే పెరుగుతుంది. చేతులు మారడం ఆలస్యమైతే కాచుకునేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఒక దశ దాకా కోర్లు పెంచితే పని పెరుగుతూ పోయి, ఆ దశ దాటి కొన్ని కోర్లు కలిపేసరికి హఠాత్తుగా కుప్పకూలుతుంది. ఎంఐటీ బృందం 2012లో ఈ కూలిపోవడాన్ని గణితంతో వివరించింది. అక్కడి లాకులు కాపలా కాసే పని చాలా చిన్నదే. కూలదోసింది ఆ పని కాదు, లాక్ చేతులు మారడానికి పట్టే సమయం.

దీనికి విరుగుడు 1991 నుంచే పుస్తకాల్లో ఉంది. జాన్ మెల్లర్-క్రమ్మీ, మైకేల్ స్కాట్ కనిపెట్టిన ఎంసీఎస్ లాక్‌లో ప్రతి కోర్ తన సొంత క్యాష్ లైన్ మీదే కన్నేసి ఉంచుతుంది. లాక్ వదిలే కోర్ తన వెనకున్న ఒక్కరి లైన్ మీదే రాస్తుంది. మిగతావారికి ఆ సంగతే తెలియనక్కర్లేదు. దాని ఆధారంగా తయారైన క్యూ స్పిన్‌లాక్ లైనక్స్‌లోకి వచ్చింది 2015లో, 4.2తో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు గడిచాయి. కెర్నెల్‌లో ప్రతి చిన్న వస్తువుకూ ఒక లాక్ ఉంటుంది కనుక, ఆ లాక్ నాలుగు బైట్లు మించకూడదన్న షరతు ఇందులో పెద్ద అడ్డంకి. ఎంసీఎస్ ఆలోచనను ఆ నాలుగు బైట్లలో ఇమడ్చడమే వెయిమన్ లాంగ్, పీటర్ జిల్‌స్ట్రాల గెలుపు.

ఇంత చేసినా లాక్ లాకే. అంతకంటే మేలు, చదివేవాళ్లు అసలు ఏమీ రాయకుండా చూడటం. ఆ దారి చూపినది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు సీక్వెంట్ కంపెనీ. పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ 1990ల తొలినాళ్లలో తమ డైనిక్స్ కెర్నెల్ కోసం ఒక పద్ధతి కనిపెట్టారు. రీడ్-కాపీ-అప్‌డేట్ అని పేరు, ఆర్‌సీయూ అంటారు. కెర్నెల్ రూపకల్పనలో ఇంత అందమైన ఆలోచన మరొకటి కష్టం. అది ఇలా సాగుతుంది.

అ, ఆ, ఇ అనే మూడు వస్తువులు గొలుసుగా ఉన్నాయి. మధ్యలోని ఆ-ని తీసేయాలి. మామూలుగా అయితే లాక్ వేసి, చదివేవాళ్లనందరినీ ఆపి, తీసేసి, మెమరీ తిరిగి ఇచ్చేస్తారు. ఆర్‌సీయూలో మార్చేవాడు అ నుంచి ఇ-కి నేరుగా లంకె వేస్తాడు. ఇది ఒకే రాతతో అయిపోతుంది. ఆ క్షణం తర్వాత వచ్చినవారికి ఆ కనిపించదు. అప్పటికే ఆ మీద నిలబడి ఉన్నవారికి మాత్రం దాని నుంచి ఇ-కి దారి ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎవరూ తడబడరు, ఎవరూ ఆగరు. ఆ-ని చెరిపేయడం మాత్రం వాయిదా వేస్తారు. ఎప్పటిదాకా? పాత పాఠకులందరూ వెళ్లిపోయేదాకా. వాళ్లు వెళ్లారని ఎలా తెలుసు? చదువుతున్న మధ్యలో ప్రాసెసర్‌ను వదలకూడదన్నది నియమం. కాబట్టి ప్రతి ప్రాసెసరూ ఒక్కసారైనా ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మారిందంటే, దాని మీద పాత పాఠకుడెవరూ మిగలలేదని అర్థం. అందరూ అలా మారాక ఆ మెమరీని నిశ్చింతగా తిరిగి ఇచ్చేయొచ్చు. చదివేవాడు కౌంటర్ పెంచడు, లాక్ పట్టడు, దేని మీదా ఒక్క బిట్ కూడా రాయడు. మధ్యలో అంతరాయం లేని రకం కెర్నెల్‌లో, చదవడం మొదలుపెట్టానని చెప్పే ఫంక్షన్‌కు ఒక్క యంత్ర ఆదేశం కూడా పుట్టదు.

1999లో ఐబీఎం సీక్వెంట్‌ను కొన్నది. 2002 అక్టోబరులో ఆర్‌సీయూ లైనక్స్ 2.5.43లో చేరింది. ఆ పనిలో మన దేశం వాటా చెప్పుకోదగ్గది. ఐబీఎం లైనక్స్ టెక్నాలజీ సెంటర్‌కు చెందిన దీపాంకర్ శర్మ కెర్నెల్‌లో చేరిన ఆ కోడ్ వెనకున్న ముఖ్యుల్లో ఒకడు. బెంగళూరులో పనిచేసిన మనీష్ సోనీతో కలిసి డైరెక్టరీల వెతుకులాటకు ఆర్‌సీయూ అన్వయించిందీ ఆయనే. రూట్ కౌంటర్ పీడ పూర్తిగా వదిలింది మాత్రం 2011 మార్చిలో, 2.6.38తో. పిగిన్ రాసిన కొత్త పద్ధతిలో ఫైలు దారి అంతా ఆర్‌సీయూ నీడలోనే, దారిలోని డైరెక్టరీల కౌంటర్లు ముట్టుకోకుండా నడుస్తుంది. నడుస్తుండగా ఎవరైనా దారి మార్చారని తేలితేనే పాత నెమ్మది పద్ధతికి తిరిగి వస్తుంది.

ఈలోగా యంత్రాలు ఆగలేదు. 2004లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏమ్స్ కేంద్రంలో ఎస్‌జీఐ ఆల్టిక్స్ యంత్రం ఒకదాన్ని అధికారికంగా ప్రారంభించింది. 512 ఇటానియం ప్రాసెసర్లను ఒకే లైనక్స్ కెర్నెల్ నడిపే యంత్రం అది. పేరు కల్పన. అంతకుముందు ఏడాది ఫిబ్రవరి 1న కొలంబియా నౌకతోపాటు నేలరాలిన కల్పనా చావ్లా పేరే దానికి పెట్టారు. తర్వాత అలాంటివే ఇరవై కలిపి 10,240 ప్రాసెసర్ల కొలంబియా సూపర్‌కంప్యూటర్ తయారుచేశారు. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ జాబితాలో దానిది రెండో స్థానం. ఐదేళ్ల కిందట నాలుగు ప్రాసెసర్ల దగ్గర ఓడిపోయిన కెర్నెల్ వంశమే 512 మీద నడవడం చిన్న సంగతి కాదు. అయితే శాస్త్రీయ లెక్కలు కెర్నెల్‌ను పెద్దగా పిలవవు. మెయిల్ సర్వర్, డేటాబేస్ లాంటివి అలా కాదు, క్షణక్షణం పిలుస్తాయి.

అలాంటి ప్రోగ్రాములతో లైనక్స్ ఎంతదాకా నిలుస్తుందో 2010లో ఎంఐటీ పరిశోధకులు తేల్చాలనుకున్నారు. సైలస్ బాయిడ్-విక్‌జర్, ఆస్టిన్ క్లెమెంట్స్, ఫ్రాన్స్ కాషూక్, రాబర్ట్ మోరిస్, నికొలాయ్ జెల్డోవిచ్ తదితరులు 48 కోర్ల యంత్రం మీద ఏడు ప్రోగ్రాములు నడిపారు. మొదట్లో దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట మొరాయించాయి. వెతికితే కెర్నెల్‌లో 16 అడ్డంకులు దొరికాయి. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫైలు ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఎల్‌సీక్ అనే పిలుపును మాటిమాటికీ వాడుతుంది. వట్టి ఒక అంకె చదవడానికి కెర్నెల్ ఆ ఫైలు మొత్తానికి తాళం వేస్తోంది. ఆ తాళం తీసేస్తే సరిపోయింది. కౌంటర్ల విషయంలో ఒక్కో కోర్ తన దగ్గర కొన్ని లెక్కలు చిల్లరగా అట్టేపెట్టుకుని, అసలు కౌంటర్ దగ్గరికి అరుదుగా వెళ్లేలా మార్చారు. పదహారు అడ్డంకులకూ కలిపి మార్చిన కోడ్ సుమారు మూడు వేల పంక్తులు. కెర్నెల్ అంతటినీ చూస్తే అది ఏ మూలకూ రాదు. పాత పద్ధతి కెర్నెల్‌ను పక్కన పెట్టాల్సిన అవసరం అప్పటికింకా కనబడలేదని వాళ్లు తేల్చారు.

ఈ మాటకు బరువు రావడానికి కారణం ఉంది. అంతకుముందు ఏడాదే జూరిక్‌లోని ఈటీహెచ్, కేంబ్రిడ్జిలోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి బారెల్‌ఫిష్ అనే కొత్త కెర్నెల్‌ను ప్రకటించాయి. అందులో ఒక్కో కోర్ మీద ఒక్కో చిన్న కెర్నెల్ నడుస్తుంది. అవి మెమరీ పంచుకోవు, సందేశాలతో మాట్లాడుకుంటాయి. ఆలోచన గట్టిదే. కానీ ఉన్న కెర్నెల్‌ను లాక్ తర్వాత లాక్‌గా బాగుచేసుకుంటూ పోయిన దారే చివరికి గెలిచింది. దానికి బహుమతులు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

బీకేఎల్ పోయిన తీరు చూస్తే ఆ ఓపిక ఎంతో తెలుస్తుంది. ముఖ్యమైన భాగాలన్నీ ఎప్పుడో దాని నుంచి బయటపడ్డాయి. కానీ పాత డ్రైవర్లలో, టెర్మినల్ కోడ్‌లో, కొన్ని ఫైల్ సిస్టమ్‌లలో అది వేళ్లూనుకుని ఉంది. దానికో వింత గుణం ఉంది. పట్టుకున్న ప్రాసెస్ నిద్రపోతే తాళం దానంతట అదే వదులవుతుంది, లేచాక మళ్లీ పడుతుంది. ఒకసారి పట్టుకున్నవాడే మళ్లీ పట్టుకున్నా ఫరవాలేదు. మామూలు లాకులు ఇవేవీ ఒప్పుకోవు. ఏ డ్రైవర్ ఈ గుణాల మీద ఆధారపడిందో, ఏది దేని నుంచి కాపాడుకోవడానికి తాళం వేసిందో రాసినవాళ్లకే గుర్తులేదు. ఒక్కో చోటూ చదివి, అర్థం చేసుకుని, సొంత చిన్న లాక్ పెట్టుకుంటూ పోవాలి. 2008లో మోల్నార్ ఆ పనికి మళ్లీ ఊపు తెచ్చాడు. ఎందరో చేయి వేశారు. 2011 మేలో వచ్చిన 2.6.39లో ఆర్న్డ్ బెర్గ్‌మన్ చివరి ఆనవాళ్లు తీసేశాడు. తాళం వేసి అప్పటికి పదిహేనేళ్లు.

అయితే కొన్ని తాళాలు కెర్నెల్ రాసినవాళ్లు వేసుకున్నవి కావు. 2013లో క్లెమెంట్స్, కాషూక్, జెల్డోవిచ్, మోరిస్, హార్వర్డ్‌కు చెందిన ఎడ్డీ కోలర్ ఈ సంగతిని ఒక సూత్రంగా నిరూపించారు. రెండు పిలుపులను ఏ క్రమంలో చేసినా ఫలితం తేడా లేకపోతే, అవి ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిచేలా రాయడం సాధ్యమే. క్రమం మారితే ఫలితం మారేలా ఉంటేనే కోర్లు మాట్లాడుకోక తప్పదు. యూనిక్స్‌లో ఫైలు తెరిస్తే ఒక అంకె ఇస్తారు. ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న అంకెనే ఇవ్వాలని నియమం. ఒకే ప్రోగ్రామ్‌లోని రెండు థ్రెడ్‌లు రెండు వేర్వేరు ఫైళ్లు తెరిచినా, ముందు ఎవరిదో తేలితే తప్ప 3 ఎవరికి, 4 ఎవరికి అన్నది తేలదు. ఏదో ఒక ఖాళీ అంకె అని నియమం రాసి ఉంటే ఒక్కో కోర్ తన వాటా అంకెలు తాను ఇచ్చుకునేది. ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల్లో సౌకర్యంగా తోచి ఇచ్చిన మాట, దశాబ్దాల తర్వాత కోర్లను కట్టిపడేస్తోంది. వాళ్లు 18 పిలుపులను జతలుగా తీసుకుని, అడ్డం రాకూడని సందర్భాలు 13,664 తయారుచేసి, లైనక్స్ వాటిలో ఎన్నింట నెగ్గుతుందో చూశారు. సుమారు మూడింట రెండొంతులు నెగ్గింది. మిగతావాటిలో చాలామటుకు కుదిరేవేనని తాము రాసిన ఎస్‌వీ6 అనే చిన్న కెర్నెల్‌తో నిరూపించారు.

ఇంకా మిగిలిన తాళాల్లో పెద్దది ఒక ప్రోగ్రామ్ మెమరీ మొత్తానికీ ఉండే ఎంఎంఏపీ లాక్. ఒక ప్రోగ్రామ్‌లోని థ్రెడ్‌లన్నీ ఒకే మెమరీ పటాన్ని పంచుకుంటాయి. ఏ థ్రెడ్ అయినా ఒక పేజీని మొదటిసారి తాకితే కెర్నెల్ ఆ పటం చూడాలి, అందుకు ఆ లాక్ పట్టుకోవాల్సి వచ్చేది. చదవడానికి మాత్రమే పట్టుకున్నా, ఎంతమంది చదువుతున్నారో లెక్క లాక్‌లోనే రాయాలి కనుక పాత క్యాష్ లైన్ బాధ మళ్లీ ఎదురయ్యేది. పదుల థ్రెడ్‌లతో ఒక్కసారే లేచే ఆండ్రాయిడ్ యాప్‌లకు ఇది బాగా తగిలేది. గూగుల్‌కు చెందిన సురేన్ బగ్దసార్యన్ ఈ పటాన్ని ప్రాంతాలవారీగా విడదీసి, ఒక్కో మెమరీ ప్రాంతానికి ఒక్కో చిన్న లాక్ ఇచ్చాడు. 2023 జూన్‌లో లైనక్స్ 6.4తో అది వచ్చింది. ఏ ఫైలుతోనూ సంబంధం లేని మెమరీ పేజీలకే మొదట ఈ దారి తెరిచారు, మిగతా రకాలను తర్వాతి విడుదలల్లో ఒక్కొక్కటిగా చేర్చారు. చిన్న లాక్ దొరకకపోతే థ్రెడ్ ఇప్పటికీ పాత పెద్ద లాక్ దగ్గరికే వెళుతుంది. కొత్త ప్రాంతం చేర్చాలన్నా, ఉన్నది తీసేయాలన్నా దాన్నే పట్టుకోవాలి.